మంగో జెర్రీ సమగ్ర సంకలనం: తరచుగా అడిగే ప్రశ్నలు

‘ఇన్ ద సమ్మర్‌టైమ్’ పాట విన్నవారు అసంఖ్యాకులు. ఆ పాట పాడిన బృందం మరో పాట ఏదైనా పాడిందా అని అడిగితే చెప్పగలిగినవారు మాత్రం చాలా తక్కువ. మంగో జెర్రీ తొలినాళ్ళ నుంచి చివరి రికార్డుల దాకా పాటలను ఒకచోట చేర్చిన సంకలనం కొనాలనుకునేవారికీ, విని అర్థం చేసుకోవాలనుకునేవారికీ సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

మంగో జెర్రీ ఎవరు?

ఇంగ్లండ్‌లో, అప్పట్లో మిడిల్‌సెక్స్‌లో భాగంగా ఉన్న ఆష్‌ఫర్డ్ పట్టణంలో 1946లో పుట్టిన రే డార్సెట్ నాయకత్వాన 1970లో రూపుదిద్దుకున్న బృందం ఇది. అంతకు ముందు ఆయన ‘ద గుడ్ ఎర్త్’ అనే బృందాన్ని నడిపారు. పియానో వాయించే కాలిన్ ఎర్ల్, బాంజో, జగ్, కజూ (లోపలికి కూనిరాగం తీస్తే జీరగా మోగే చిన్న గొట్టం), పన్నెండు తంత్రుల గిటార్ వాయించే పాల్ కింగ్, నిలువెత్తు డబుల్ బేస్ వాయించే మైక్ కోల్, డార్సెట్ కలిసి తొలి రికార్డుల నాటి మంగో జెర్రీ అయ్యారు. మొదట్లో జో రష్ వాష్‌బోర్డు (బట్టలు రుద్దే రేకుపలక) వాయించేవారు. బృందానికి డ్రమ్మర్ లేకపోవడం ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం, ఎందుకంటే వారి తొలి పాటల నడక అంతా ఆ లోటు నుంచే పుట్టింది. ఆ తొలి సంగీతం స్కిఫుల్ కోవకు చెందినది.

పేరు కవి టి. ఎస్. ఎలియట్ 1939లో ప్రచురించిన పిల్లుల కవితల పుస్తకం నుంచి వచ్చింది. అందులో దొంగపిల్లుల జంటలో ఒకదాని పేరు మంగోజెర్రీ.

స్కిఫుల్ అంటే ఎలాంటి సంగీతం?

ఖరీదైన వాద్యాలు కొనలేనివారు ఇంట్లో దొరికే వస్తువులతో కట్టుకున్న సంగీతం స్కిఫుల్. దీని మూలాలు 1920ల నాటి అమెరికాలో, ముఖ్యంగా నల్లజాతివారి బ్లూస్, జగ్ బ్యాండ్ సంప్రదాయాలలో ఉన్నాయి. ఇంటి అద్దె డబ్బు కూడబెట్టుకోవడానికి పట్టణాలలో జరిపే పాటల విందులతో ఈ పేరు ముడిపడి ఉంది. మెంఫిస్ నగరంలో మెంఫిస్ జగ్ బ్యాండ్, గస్ కానన్ నడిపిన జగ్ స్టాంపర్స్ వంటి బృందాలు 1920ల చివర్లో రికార్డులు చేశాయి. వారి వాద్యాలలో జగ్ అంటే ఖాళీ జాడీ. మన ఘటం వాయించేవారు మట్టికుండను వేళ్ళతో, అరచేతితో తట్టి పలికిస్తారు. జగ్ వాయించేవారు జాడీ మూతి దగ్గర పెదవులను అదురిస్తూ ఊది, లోపలి గాలి చేసే ప్రతిధ్వనితో బేస్ స్వరాన్ని పలికిస్తారు. బట్టలు రుద్దే గరుకు రేకుపలకను వేళ్ళకు తొడిగిన లోహపు తొడుగులతో గీరితే అది తాళవాద్యం అవుతుంది. తేయాకు పెట్టెకు కర్ర నిలబెట్టి తాడు బిగిస్తే అది బేస్ అవుతుంది.

ఈ సంగీతం బ్రిటన్‌లో విప్లవంలా వ్యాపించడానికి కారకులు లానీ డానెగన్. క్రిస్ బార్బర్ జాజ్ బృందంలో బాంజో వాయిస్తూ ఉండిన ఆయన, 1954లో ‘రాక్ ఐలండ్ లైన్’ అనే పాటను రికార్డు చేశారు. అమెరికన్ జానపద గాయకుడు లెడ్ బెల్లీ ద్వారా ప్రచారంలోకి వచ్చిన ఆ పాట 1956 ఆరంభంలో బ్రిటిష్ రికార్డు అమ్మకాల పట్టికలో పైకి ఎక్కింది. దానితో దేశమంతటా కుర్రకారు తక్కువ ధర గిటార్లు పట్టుకొని వేల సంఖ్యలో బృందాలు కట్టారు. తరువాత బీటిల్స్ బృందంతో ప్రసిద్ధుడైన జాన్ లెనన్ లివర్‌పూల్‌లో కట్టిన క్వారీమెన్ కూడా మొదట స్కిఫుల్ బృందమే. 1957 జూలై 6న ఆ బృందం ఒక చర్చి ఉత్సవంలో పాడిన రోజునే లెనన్, పాల్ మకార్ట్‌నీ మొదటిసారి కలుసుకున్నారు.

ఈ వెల్లువ రెండు మూడేళ్ళలో తగ్గిపోయింది. కానీ అప్పటి పసివాళ్ళు పెద్దవాళ్ళయ్యాక దాన్ని మరిచిపోలేదు. డార్సెట్ ఆ తరానికి చెందినవారే.

1970 నాటికి కాలం చెల్లిన స్కిఫుల్ మళ్ళీ ఎలా నిలబడింది?

అప్పటికి రాక్ సంగీతం బరువెక్కింది. పెద్ద పెద్ద యాంప్లిఫయర్లు, పొడవాటి గిటార్ ఆలాపనలు, లోతైన అర్థాలు వెతికే పాటలు సభలను ఏలుతున్నాయి. ఆ నేపథ్యంలో 1970 మే 23, 24 తేదీలలో స్టాఫర్డ్‌షైర్‌లోని న్యూకాజిల్ అండర్ లైమ్ దగ్గర హాలీవుడ్ మ్యూజిక్ ఫెస్టివల్ జరిగింది. అమెరికాకు చెందిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం బ్రిటన్‌లో మొదటిసారి వాయించింది అక్కడే. అయినా ప్రేక్షకులను కాళ్ళు కదిపేలా చేసి, ఉత్సవం ముగిసేసరికి అందరి నోటా నలిగిన పేరు మంగో జెర్రీ. బాంజో, కజూ, జగ్, పియానో, నేలను తన్నే బూటు, వీటితోనే వారు వేల మందిని లేపి నిలబెట్టారు.

ఈ ఘట్టం గురించి నా అభిప్రాయం ఒకటి ఉంది. జనం ఆ రోజు ఆనందించింది పాత జ్ఞాపకాలను తలచుకొని అనుకోవడం సరికాదు. ఆ ప్రేక్షకులలో చాలామంది డానెగన్ కాలం నాటికి పసివాళ్ళు. వేదిక మీద వాయించేవారికీ కింద ఆడేవారికీ మధ్య దూరం లేని సంగీతం వారికి ఆ వయసులో కొత్తగానే తోచింది. మంగో జెర్రీ సంకలనాన్ని పాతకాలపు సరదా వస్తువుగా చూసేవారు ఈ సంగతిని గమనించరు.

‘ఇన్ ద సమ్మర్‌టైమ్’ పాట ఎలా తయారైంది?

డార్సెట్ ఆ రోజుల్లో టైమెక్స్ గడియారాల సంస్థ ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తుండేవారు. పాట రాయడానికి పది నిమిషాలే పట్టిందని ఆయన చెబుతూ వచ్చారు. దానిని పై రికార్డ్స్ సంస్థకు అనుబంధమైన డాన్ లేబుల్ కోసం బ్యారీ ముర్రే నిర్మాణంలో రికార్డు చేశారు. డ్రమ్స్ లేవు. కాలి తాపులు, గలగలమనే చిన్న తాళవాద్యాలు, పియానో, జగ్, నోటితో చేసే ఊపిరి శబ్దాలు కలిసి దాని నడకను నిలబెట్టాయి.

పాడిన పాట రేడియోకు సరిపడినంత పొడవు రాలేదు. అప్పుడు ముర్రే ఒక ఉపాయం చేశారు. పాట ముగిసిన చోట ఇంజిన్ శబ్దం పెట్టి, ఆ తరువాత పాట మొదటి భాగాన్నే మళ్ళీ అతికించి దాదాపు మూడున్నర నిమిషాలకు సాగదీశారు. మోటారు సైకిల్ శబ్దం కావలసి వచ్చినా అది దొరకలేదు. అందుకని ఇంజినీర్ హోవర్డ్ బారో తన ట్రయంఫ్ స్పోర్ట్స్ కారును స్టూడియో ముందు నుంచి నడుపుతూ పోతే, ముర్రే మైకు పట్టుకొని ఆ శబ్దాన్ని పట్టారు. తెలిశాక వింటే ఆ అతుకు స్పష్టంగా వినిపిస్తుంది, కానీ అది పాటకు లోపం కాలేదు. వేసవి ప్రయాణంలో ఒక బండి పక్క నుంచి దూసుకుపోయినట్టు అనిపించడం వల్ల, రెండోసారి మొదలయ్యే చరణం మళ్ళీ విన్నట్టు తోచదు.

1970 మే 22న, అంటే హాలీవుడ్ ఉత్సవానికి ఒక్క రోజు ముందు, రికార్డు విడుదలైంది. జూన్‌లో బ్రిటిష్ పట్టిక అగ్రస్థానానికి చేరి ఏడు వారాలు అక్కడే నిలిచింది. అమెరికాలో మూడో స్థానం వరకు వెళ్ళింది.

సంకలనంలో ఉన్నది అసలు రికార్డింగేనా అని ఎలా తెలుసుకోవాలి?

ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. డార్సెట్ తరువాతి దశాబ్దాలలో తన పాత పాటలను, ముఖ్యంగా ‘ఇన్ ద సమ్మర్‌టైమ్’ను, కొత్త వాద్యాలతో పలుమార్లు తిరిగి రికార్డు చేశారు. హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయన్న దాన్ని బట్టి కొన్ని చౌక సంకలనాలలో ఆ తరువాతి రూపాలే ఉంటాయి. అట్ట మీద 1970 నాటి ఫొటో ఉన్నంత మాత్రాన లోపల 1970 నాటి ధ్వని ఉంటుందని నమ్మకూడదు.

మొదట డిస్కు వెనుక చిన్న అక్షరాలలో హక్కుల ప్రకటన చదవండి. మొదటి ప్రచురణ సంవత్సరం 1970 అని, డాన్ లేదా పై అనే పేర్లు ఉంటే అది అసలుది అయ్యే అవకాశం ఎక్కువ. తిరిగి రికార్డు చేసినట్టు ఎక్కడైనా చిన్నగా సూచిస్తే ఆ సంకలనాన్ని పక్కన పెట్టవచ్చు. తరువాత చెవిని నమ్మండి. అసలు రికార్డింగులో డ్రమ్ సెట్ లేదు, ఎలక్ట్రానిక్ తాళం లేదు, పాట మధ్య కారు శబ్దం ఉంది, స్వరం కొంచెం గరుకుగా, యవ్వనపు ఉత్సాహంతో ఉంటుంది. తాళం మరీ నునుపుగా, యంత్రం వాయించినట్టు వినిపిస్తే అది తరువాతి కాలానిది. ఇంటర్నెట్‌లో వినే సేవలలోనూ ఇదే జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఒకే పేరుతో ఉన్న అరడజను రూపాలలో అడుగున ఉన్నదే అసలుది కావచ్చు.

తిరిగి రికార్డు చేసినవి చెడ్డవని నా భావం కాదు. ఒక కళాకారుడు తన పాటను మళ్ళీ పాడుకోవడం అతని హక్కు. అయితే ఒక బృందం చరిత్రను వినిపిస్తామని చెప్పే సంకలనంలో చరిత్ర జరిగిన రికార్డింగు ఉండాలి.

మాక్సీ సింగిల్ అంటే ఏమిటి? సంకలనానికి దానితో ఏమి సంబంధం?

మామూలు సింగిల్ రికార్డు ఏడు అంగుళాల పళ్ళెం మీద, నిమిషానికి 45 భ్రమణాల వేగంతో, రెండు పాటలతో ఉండేది. డాన్ సంస్థ అదే పరిమాణపు పళ్ళెం మీద, ఎల్పీ (పెద్ద ఆల్బమ్ రికార్డు) వేగమైన 33⅓ భ్రమణాలతో, మూడు నాలుగు పాటలను బొమ్మల అట్టలో పెట్టి, మామూలు సింగిల్ కంటె కొన్ని పెన్నీలే ఎక్కువ ధరకు అమ్మింది. దానికి పెట్టిన పేరు మాక్సీ సింగిల్. ‘ఇన్ ద సమ్మర్‌టైమ్’ వచ్చింది ఇలాగే. దానితోపాటు డార్సెట్ రాసిన ‘మైటీ మ్యాన్’, రెండో వైపు అమెరికన్ జానపద గాయకుడు వుడీ గుత్రీ పాట ‘డస్ట్ న్యుమోనియా బ్లూస్’ ఉన్నాయి. నాణెం వేస్తే పాట పాడే జూక్‌బాక్సుల కోసం 45 వేగంతో కొద్ది ప్రతులను విడిగా అచ్చు వేశారు. ఇప్పుడు సేకర్తలు వాటి కోసం వెతుకుతారు.

సంకలనం కొనేవారికి ఇది ఎందుకు పట్టాలంటే, మంగో జెర్రీ ఉత్తమ కృషిలో మంచి భాగం ఈ మాక్సీ సింగిళ్ళ రెండో వైపు దాగి ఉంది. హిట్ పాటలు మాత్రమే ఏరి పెడితే పన్నెండు పాటలతో పని అయిపోతుంది, కానీ ఆ బృందం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ‘డస్ట్ న్యుమోనియా బ్లూస్’ను గుత్రీ 1940లో, మధ్య అమెరికా మైదానాలను ధూళి తుఫానులు ముంచెత్తిన కాలపు అనుభవాలతో పాడారు. ఆ ధూళికి ఊపిరితిత్తులు పాడైన మనిషి గొంతు అది. ఎండాకాలపు సంబరం గురించి పాడే రికార్డుకు వెనుక వైపు ఆ పాట పెట్టడం చూస్తే, ఈ కుర్రవాళ్ళు తమ గురువులెవరో బాగా తెలిసినవారని అర్థమవుతుంది. ఈ పాట లేని సంకలనాన్ని నేను సమగ్రం అనను.

మొదటి ఆల్బమ్‌లో ఆ ప్రసిద్ధమైన పాట లేదంటారు. నిజమేనా?

బ్రిటన్‌కు సంబంధించినంత వరకు నిజమే. 1970లో డాన్ విడుదల చేసిన ‘మంగో జెర్రీ’ ఆల్బమ్‌లో ఆ పాటను చేర్చలేదు; అమెరికాలో జేనస్ సంస్థ విడుదల చేసిన దానిలో చేర్చారు. బ్రిటిష్ ఆల్బమ్‌తో పాటు మూడు కోణాలలో కనిపించే బొమ్మలు, వాటిని చూసే కళ్ళద్దాలు ఇచ్చారు. జెస్సీ ఫుల్లర్ ‘శాన్ ఫ్రాన్సిస్కో బే బ్లూస్’, ‘బేబీ లెట్స్ ప్లే హౌస్’ వంటి పాతవాటితో పాటు ‘మ్యాగీ’, ‘పీస్ ఇన్ ద కంట్రీ’, ‘జానీ బి. బ్యాడ్’ వంటివి అందులో ఉన్నాయి. స్టూడియోలో పాడినా ఒక హాలులో జనం మధ్య పాడినట్టు ఉండే ఈ ఆల్బమ్ నుంచి కనీసం మూడు నాలుగు పాటలైనా సంకలనంలో ఉండాలి.

1971లో వచ్చిన ‘ఎలక్ట్రానికల్లీ టెస్టెడ్’ ఆల్బమ్‌లో ‘ఇన్ ద సమ్మర్‌టైమ్’, ‘బేబీ జంప్’ రెండూ ఉన్నాయి. విల్లీ డిక్సన్ రాసిన ‘ఐ జస్ట్ వాన్నా మేక్ లవ్ టు యూ’ను వారు ఇందులో చాలా సేపు సాగదీసి వాయించారు. వేదిక మీద వారు ఎలా వాయించేవారో ఊహించుకోవడానికి ఆ ఒక్క పాట చాలు. నిడివి ఎక్కువన్న కారణంతో ఒక డిస్కు సంకలనాలు దాన్ని సాధారణంగా వదిలేస్తాయి. రెండు డిస్కులు అంతకంటె ఎక్కువ ఉన్న సంకలనానికి అదనపు ధర పెట్టడం సార్థకమయ్యేది ఇలాంటి చోటే.

వారికి ఉన్నది ఒక్క హిట్టేనా?

కాదు. ఈ అపోహ ఎంత విరివిగా ఉన్నా తప్పే. రెండో సింగిల్ ‘బేబీ జంప్’ 1971 మార్చిలో బ్రిటన్‌లో మళ్ళీ మొదటి స్థానానికి వెళ్ళి రెండు వారాలు నిలిచింది. అదే ఏడాది ‘లేడీ రోజ్’ అయిదో స్థానానికి, ‘యూ డోంట్ హ్యావ్ టు బి ఇన్ ది ఆర్మీ టు ఫైట్ ఇన్ ద వార్’ పదమూడో స్థానానికి చేరాయి. 1973లో ‘ఆల్‌రైట్, ఆల్‌రైట్, ఆల్‌రైట్’ మూడో స్థానానికి, 1974లో ‘లాంగ్ లెగ్గెడ్ ఉమన్ డ్రెస్డ్ ఇన్ బ్లాక్’ పదమూడో స్థానానికి వెళ్ళాయి.

‘బేబీ జంప్’ను తప్పకుండా వినమని కోరతాను. మొదటి హిట్ తరువాత అలాంటి తేలికపాటి పాటనే మరొకటి పాడి ఉంటే జనం కొనేవారే. వారు దానికి బదులు గొంతు చీల్చుకొని అరిచే, పియానోను బాదే, తడబడకుండా ముందుకు దూకే రాక్ అండ్ రోల్ పాటను ఇచ్చారు. రెండు పాటలూ ఒకే బృందానివా అన్న సందేహం కలుగుతుంది. వాటిని వరుసగా విన్నప్పుడు, రెండింటి అడుగునా ఉన్న ఆ బూటు తాపు, ఆ పియానో బూగీ (ఎడమచేయి ఒకే నడకను పదే పదే వాయించే బ్లూస్ శైలి) ఒకటేనని తెలుస్తుంది.

‘లేడీ రోజ్’ మాక్సీ సింగిల్ విషయంలో వివాదం ఏమిటి?

ఆ రికార్డులో మొదట ‘హ్యావ్ ఎ విఫ్ ఆన్ మీ’ అనే పాత జానపద గీతం ఉండేది. అది కొకెయిన్ వాడకాన్ని ప్రోత్సహిస్తున్నదన్న అభ్యంతరం రావడంతో ఆ ప్రతులను ఉపసంహరించి, దాని స్థానంలో వేరే పాట పెట్టి మళ్ళీ విడుదల చేశారు. లెడ్ బెల్లీ వంటి గాయకులు ఏళ్ళ తరబడి పాడుతూ వచ్చిన పాటే అది. మంచి సంకలనాలలో ఈ పాట ఇప్పుడు చేరుతోంది, అది సమంజసం.

1972లో బృందం ఎందుకు చీలిపోయింది?

పాటలలో అధిక భాగం డార్సెట్‌వి కావడం, ముందు నిలబడేది ఆయనే కావడం, పాల్ కింగ్ రాసిన పాటలకు తగినంత చోటు దొరకకపోవడం విభేదాలకు దారి తీశాయి. ఒక విదేశీ పర్యటన ముగిసిన తరువాత కింగ్, ఎర్ల్ డార్సెట్ లేకుండా ముందుకు సాగాలని ప్రయత్నించారు. నిర్వాహకులు మాత్రం ప్రజలకు తెలిసిన ముఖమూ స్వరమూ డార్సెట్‌వేనని భావించి ఆయన వైపు నిలిచారు. వెళ్ళిపోయిన ఇద్దరూ కింగ్ ఎర్ల్ బూగీ బ్యాండ్ పేరుతో 1972లో ‘ట్రబుల్ ఎట్ మిల్’ అనే ఆల్బమ్ చేశారు. డార్సెట్ అదే ఏడాది సొంత పేరుతో ‘కోల్డ్ బ్లూ ఎక్స్‌కర్షన్’ చేశారు. అందులోని మృదువైన, తంత్రీవాద్యాలతో కూడిన పాటలు ఆయనను కేవలం సంబరాల గాయకుడిగా చూసేవారిని ఆశ్చర్యపరుస్తాయి.

ఈ చీలికను ఒక పక్షం తప్పుగా చూడడం నాకు ఇష్టం లేదు. కింగ్ జగ్, బాంజో, ఎర్ల్ పియానో లేకపోతే తొలి రెండేళ్ళ ధ్వని లేదు. డార్సెట్ పాటలు లేకపోతే ఆ ధ్వనికి శ్రోతలు లేరు. డార్సెట్ ఒక్కడి బొమ్మ అట్ట మీద వేసి, లోపలి వ్యాసంలో తక్కినవారి పేర్లు కూడా చెప్పని సంకలనాలు వచ్చాయి. వాయించినవారి పేర్లు పాట పాటకూ ఇచ్చిన ప్రతిని వెతికి కొనడం మంచిది.

చీలిక తరువాతి పాటలలో స్కిఫుల్ మిగిలిందా?

కొంత వరకే. అదే ఏడాది వచ్చిన ‘బూట్ పవర్’ నాటికి డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్, ఎలక్ట్రిక్ బేస్ స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో బృందంలో వాయించినవారిలో బాబ్ డైస్లీ ఉన్నారు. ఆయన ఆపై రెయిన్‌బో, ఆజీ ఆస్‌బోర్న్ బృందాలలో పేరు తెచ్చుకున్న బేస్ వాద్యకారుడు. ‘ఆల్‌రైట్, ఆల్‌రైట్, ఆల్‌రైట్’ ఫ్రెంచి గాయకుడు జాక్ డుట్రాంక్ 1966లో పాడిన పాటకు ఇంగ్లీషు మాటలు కట్టిన రూపం. ఇది పాప్, బూగీ కలిసిన సంగీతం. జాడీ, రేకుపలక వెనక్కి పోయినా, పాట సాగినంతసేపూ కాలు ఆడుతూనే ఉండాలన్న నియమం మాత్రం పోలేదు.

1974 తరువాత వినదగినవి ఉన్నాయా?

ఉన్నాయి, అయితే ఏరుకోవాలి. డాన్ లేబుల్‌ను వదిలి పాలిడార్ సంస్థకు వెళ్ళాక చేసిన ఆల్బమ్‌లు బ్రిటన్‌లో పెద్దగా అమ్ముడుపోలేదు, అయినా యూరప్‌లోని ఇతర దేశాలలో బృందానికి ఆదరణ కొనసాగింది. ఈ దశలోని అత్యంత ఆసక్తికరమైన సంగతి ‘ఫీల్స్ లైక్ ఐయామ్ ఇన్ లవ్’. దీన్ని డార్సెట్ ఎల్విస్ ప్రెస్లీ పాడాలని రాశారు. 1977 ఆగస్టు 16న ప్రెస్లీ మరణించారు. మంగో జెర్రీ ఆ పాటను ఒక సింగిల్ రెండో వైపు పెట్టుకుంది. తరువాత స్కాట్లండ్ గాయని కెల్లీ మేరీ దాన్ని డిస్కో బాణీలో పాడగా, 1980 సెప్టెంబరులో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. డార్సెట్ స్వరంలో ఉన్న మూల రూపం సంకలనంలో ఉంటే, ఎల్విస్ గొంతును మనసులో పెట్టుకొని రాసిన పంక్తులు ఏవో వెంటనే తెలుస్తాయి.

1980ల నడిమధ్య ఫ్లీట్‌వుడ్ మాక్ వ్యవస్థాపకుడు పీటర్ గ్రీన్, ఆర్గాన్ వాద్యకారుడు విన్సెంట్ క్రేన్‌లతో కలిసి డార్సెట్ కాట్మాండు పేరుతో ఒక బ్లూస్ ఆల్బమ్ చేశారు. అది మంగో జెర్రీ పేరుతో రాలేదు కనుక సంకలనాలలో ఉండదు. బ్లూస్ ఇష్టపడేవారు దాన్ని విడిగా వెతికి వినవచ్చు.

‘ఇన్ ద సమ్మర్‌టైమ్’ సాహిత్యం మీద అభ్యంతరాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి, వాటిని కొట్టిపారేయనవసరం లేదు. అమ్మాయి తండ్రి ధనవంతుడైతే ఒక రకంగా, పేదవాడైతే మరో రకంగా చూడమనే పంక్తి నేటి చెవికి కటువుగా ఉంటుంది. తాగి బండి నడపడాన్ని మామూలు సరదాగా చెప్పే పంక్తి అంతకంటె ఇబ్బందికరమైనది. 1992లో బ్రిటిష్ ప్రభుత్వం తాగి వాహనం నడపడానికి వ్యతిరేకంగా తీసిన ప్రచార చిత్రంలో సరిగ్గా ఈ పాటనే వాడుకుంది. ఎండలో పబ్బు ముందు నవ్వుతూ తాగే మిత్రుల దృశ్యాల మీద పాట సాగుతుంది, తరువాత ప్రమాదం కనిపిస్తుంది. పాటను కత్తిరించకుండా, ఖండించకుండా దానికి ఇంతకంటె గట్టి జవాబు చెప్పడం కష్టం. 1995లో గాయకుడు షాగీ ఇదే పాటను రేవన్‌తో కలిసి, జమైకా నుంచి వచ్చిన రెగే ధోరణిలో పాడి కొత్త తరానికి అందించారు.

పాటలు కాలక్రమంలో ఉండాలా, హిట్లు ముందు ఉండాలా?

కాలక్రమంలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. హిట్లను ముందు పేర్చిన సంకలనంలో మూడో పాట తరువాత శ్రోత ఆసక్తి తగ్గడం సహజం. కాలక్రమంలో పెడితే డ్రమ్స్ లేని బృందం నెమ్మదిగా డ్రమ్స్‌ను ఆహ్వానించడం, జగ్ మాయం కావడం, గిటార్ బిగ్గరగా మారడం, మధ్యలో ఒక చీలిక జరగడం, ఇదంతా ఎవరూ చెప్పకుండానే వినిపిస్తుంది. ఆల్బమ్ పాటలనూ సింగిళ్ళ రెండో వైపు పాటలనూ విడుదల క్రమంలో కలిపి పేర్చిన సంకలనమే శ్రేష్ఠం.

హక్కులు ఎవరివి? ఒకే పాటలతో ఇన్ని సంకలనాలు ఎందుకు వచ్చాయి?

పై రికార్డ్స్ సంస్థ 1980లో పీఆర్‌టీగా పేరు మార్చుకుంది. దాని పాటల నిధి 1989లో కాసిల్ సంస్థకు, 2000లో కాసిల్‌తో పాటు శాంక్చురీకి, 2007లో యూనివర్సల్‌కు, 2013లో బీఎంజీకి చేతులు మారుతూ వచ్చింది. ఇలా ప్రతి యజమానీ, వారి దగ్గర అనుమతి తీసుకున్న చిన్న సంస్థలూ తమ తమ సంకలనాలు వేశాయి. డార్సెట్ తరువాతి రికార్డింగులు వేరే చేతులలో ఉండడం వల్ల వాటితో వేరే సంకలనాలు వచ్చాయి. రెండు కాలాలనూ ఒకే పెట్టెలో చేర్చడం కష్టమవడానికి కారణం ఇదే. అలా చేర్చినది కనిపిస్తే వెనుక ఉన్న ప్రకటనను మరింత జాగ్రత్తగా చదవాలి.

స్కిఫుల్ అసలు పరిచయం లేనివారు ఎక్కడ మొదలుపెట్టాలి?

‘ఇన్ ద సమ్మర్‌టైమ్’తో మొదలుపెట్టవద్దు, ఎందుకంటే అది ఇప్పటికే మీ చెవిలో ఉంది. ముందు ‘మైటీ మ్యాన్’ వినండి, తరువాత ‘శాన్ ఫ్రాన్సిస్కో బే బ్లూస్’, ఆ వెంటనే ‘బేబీ జంప్’. ఈ మూడింటితో బృందం పరిధి తెలుస్తుంది. తరువాత ‘లేడీ రోజ్’ వింటే అదే బృందం ఎంత మధురంగా పాడగలదో అర్థమవుతుంది. ఆపైన డానెగన్ ‘రాక్ ఐలండ్ లైన్’ను, వీలైతే లెడ్ బెల్లీ పాడిన రూపాన్ని కూడా విని, అప్పుడు ‘ఇన్ ద సమ్మర్‌టైమ్’ దగ్గరకు రండి. హెడ్‌ఫోన్లు పెట్టుకొని, మాటలను వదిలి, కింద సాగే కాలి తాపునూ జగ్ ఊపిరినీ మాత్రమే పట్టుకొని ఒకసారి చివరి వరకు వినండి.